నోరు విప్పినవారి మీదే విచారణ

పేరున్న నటో, గాయనో, క్రీడాకారిణో తనకు జరిగిన లైంగిక వేధింపుల గురించి బయటికి చెప్పిన రోజున మొదట పుట్టే ప్రశ్నలు నిందితుడి గురించి కావు, ఆమె గురించే. ఇన్నాళ్లూ ఏం చేసింది? ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది? చేతిలో సినిమాలు లేకనా? వెనకాల ఏ పార్టీ ఉంది? మామూలు ఉద్యోగిని ఇదే మాట చెబితే వినే నాథుడుండడు. పేరున్న మనిషి చెబితే దేశమంతా వింటుంది. కానీ అలా విన్నందుకే ఆమెను తప్పుపడతారు. నలుగురి చెవినా పడింది కాబట్టి పబ్లిసిటీ కోసమే చెప్పిందంటారు.

ఈ ఎదురుదాడి అంటే సోషల్ మీడియా తిట్లే అనుకునేవాళ్లు చాలామంది. తిట్లు పైకి కనబడేవి. అసలు దెబ్బ తగిలేది పనికి. యూనియన్ కార్డు పోతుంది, వేషాలు తగ్గుతాయి, డబ్బింగ్‌కు పిలుపులు ఆగిపోతాయి, ఆపైన పరువు నష్టం కేసులకు లాయర్ల ఫీజులు. 2017 తరవాత దక్షిణాది సినిమా పరిశ్రమల్లో ఏం జరిగిందో వరసగా చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

‘మీ టూ’ అన్న మాటను అమెరికాలో టరానా బర్క్ అనే సామాజిక కార్యకర్త 2006లోనే వాడుకలోకి తెచ్చారు. 2017 అక్టోబరులో హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ మీద న్యూయార్క్ టైమ్స్, న్యూయార్కర్ పత్రికల్లో కథనాలు వచ్చాక, నటి అలిస్సా మిలానో ఒక ట్వీట్ పెట్టడంతో అది దేశదేశాలకూ పాకింది. పదకొండేళ్లపాటు పెద్దగా ఎవరికీ పట్టని మాట ఒక నటి నోట రాగానే ఉద్యమమైంది. నెల తిరగకుండానే న్యూయార్కర్ మరో సంగతి బయటపెట్టింది. ఆరోపణలు వెలుగులోకి రాకుండా చూడటానికి వైన్‌స్టీన్ తరఫున బ్లాక్ క్యూబ్ అనే ప్రైవేటు గూఢచారి సంస్థ పనిచేసిందని, ఆ సంస్థ మనిషి ఒకరు మహిళా హక్కుల కోసం పనిచేసేదాన్నని చెప్పుకుని నటి రోజ్ మెక్‌గోవన్‌తో స్నేహం కలిపి, ఆమె మాటలు రహస్యంగా రికార్డు చేశారని ఆ కథనం సారాంశం. ప్రజల ఆగ్రహంలా కనబడేదంతా ప్రజల్లోంచే పుట్టదని, డబ్బు పెట్టి నడిపించేదీ ఉంటుందని దానితో తేలిపోయింది.

మన దేశంలో ఈ గాలి 2018 సెప్టెంబరులో తనుశ్రీ దత్తా ఇంటర్వ్యూతో వీచింది. పదేళ్ల కిందట ‘హార్న్ ఓకే ప్లీజ్’ సెట్‌లో నటుడు నానా పాటేకర్ తనతో అసభ్యంగా ప్రవర్తించారని ఆమె అన్నారు. ఆయన ఖండించారు. ‘పదేళ్లు ఎందుకు ఊరుకుంది?’ అన్న ప్రశ్న అన్ని దిక్కుల నుంచీ వచ్చింది. ఆ ప్రశ్నలో పెద్ద లోపముంది: ఆమె ఊరుకోలేదు. 2008లోనే సినీ, టీవీ కళాకారుల సంఘం ‘సింటా’కు ఫిర్యాదు చేశారు. అదే రోజుల్లో ఆమె కారు మీద గుంపు దాడి చేసిన దృశ్యాలు పదేళ్ల తరవాత మళ్లీ టీవీల్లో తిరిగాయి. ఆనాటి ఫిర్యాదులో అసలు విషయమైన వేధింపుల అంశాన్ని తాము పట్టించుకోలేదని 2018లో సింటాయే ఒప్పుకుని విచారం తెలిపింది. తరవాత పోలీసులు 2019లో ఆధారాలు దొరకలేదని నివేదిక ఇచ్చారు. కాలపరిమితి దాటిపోయిందంటూ 2025లో ముంబయి కోర్టు 2008 నాటి ఆరోపణను విచారణకు తీసుకోలేదు.

తెలుగువారికి బాగా దగ్గరిది గాయని చిన్మయి శ్రీపాద ఉదంతం. ‘ఏ మాయ చేసావె’ (2010) నుంచి ఏళ్ల తరబడి తెలుగు తెర మీద సమంతకు గొంతు ఆమెదే. సినిమా గాయనిగా ఆమె తొలి పాట 2002లో వచ్చిన మణిరత్నం తమిళ చిత్రం ‘కన్నత్తిల్ ముత్తమిట్టాల్’లోది. తెలుగులో ఆ సినిమా ‘అమృత’గా వచ్చింది. ఆ తమిళ పాట రాసింది వైరముత్తు, తమిళనాట ‘కవిపేరరసు’ అని పిలిపించుకునే గీత రచయిత. 2018 అక్టోబరులో చిన్మయి ఆయన మీదే ఆరోపణ చేశారు. 2000ల మధ్యలో స్విట్జర్లాండ్‌లో ఒక కార్యక్రమానికి వెళ్లినప్పుడు తనను ఆయన హోటల్ గదికి రమ్మన్నారని, వెళ్లకపోతే కెరీర్ ఉండదన్నట్టు నిర్వాహకులు మాట్లాడారని ఆమె చెప్పారు. వైరముత్తు ఆ ఆరోపణను పూర్తిగా తోసిపుచ్చారు. నిజానిజాలు కోర్టులో తేల్చుకుందామన్నారు.

ఆమె మీద సంధించిన ప్రశ్నల్లో జనంలోకి బాగా వెళ్లింది పెళ్లి గురించినది. 2014లో నటుడు, దర్శకుడు రాహుల్ రవీంద్రన్‌తో జరిగిన ఆమె పెళ్లికి వైరముత్తు వచ్చారు. ‘అంత చెడ్డవాడైతే పెళ్లికెందుకు పిలిచావు?’ వినడానికి ఇది తిరుగులేని ప్రశ్నలా ఉంటుంది. మన ఇళ్లలో పెళ్లి పిలుపులు ఎలా నడుస్తాయో తెలిసినవాళ్లకు మాత్రం ఇందులో వింతేమీ కనిపించదు. పడని బంధువునీ, బాకీ ఎగ్గొట్టినవాడినీ కూడా పిలుస్తాం, పిలవకపోతే ఎందుకు పిలవలేదో పదిమందికి చెప్పుకోవాల్సి వస్తుంది కాబట్టి. చెప్పుకోలేని కారణం ఉన్న మనిషి పిలవక తప్పదు. పైగా ఇక్కడున్నది పాటల రంగంలో మాట చెల్లుబాటయ్యే పెద్దమనిషి. ఈ ప్రశ్నతోపాటు ఆమె కులాన్ని తవ్వారు, తమిళ భాషకే అవమానం చేసిందన్నారు, ఒక పార్టీని అంటగట్టారు. ఇంటర్నెట్ వేధింపులు ఆమెకు కొత్త కాదు. 2012లోనే ట్విటర్‌లో అసభ్య రాతల మీద చెన్నై పోలీసులకు ఫిర్యాదు చేయగా అరెస్టులు కూడా జరిగాయి.

అసలు దెబ్బ 2018 నవంబరులో పడింది. అక్టోబరులో విడుదలైన ‘96’ సినిమాలో త్రిషకు ఆమె చెప్పిన డబ్బింగ్‌ను అందరూ మెచ్చుకుంటున్న రోజులవి. దక్షిణ భారత సినీ, టీవీ, డబ్బింగ్ కళాకారుల యూనియన్ ఆమె సభ్యత్వాన్ని రద్దు చేసింది. రెండేళ్లుగా చందా కట్టలేదన్నది యూనియన్ చెప్పిన కారణం. చిన్మయి దాన్ని ఒప్పుకోలేదు. అప్పటికి యూనియన్ పెద్ద నటుడు రాధారవి. ఆయన మీద వచ్చిన ఆరోపణల గురించీ ఆమె అంతకుముందే మాట్లాడి ఉన్నారు. తమిళ సినిమాలో యూనియన్ కార్డు లేనివారితో డబ్బింగ్ చెప్పించడానికి నిర్మాతలు వెనకాడతారు. అంటే ఎవరూ నిషేధమన్న మాట ఎత్తనక్కర్లేదు, ఒక రసీదు పుస్తకం చాలు. తిరిగి చేరాలంటే లక్షన్నర రూపాయలు, క్షమాపణ పత్రం అడుగుతున్నారని ఆమె బహిరంగంగా చెప్పారు.

2019 మార్చిలో చెన్నై కోర్టు ఆ తొలగింపు మీద మధ్యంతర స్టే ఇచ్చింది. కోర్టు ఉత్తర్వు చేతిలో ఉన్నంతమాత్రాన ఫోన్ మోగదు కదా. 2020లో యూనియన్ ఎన్నికల్లో రాధారవి మీద పోటీకి ఆమె వేసిన నామినేషన్ తిరస్కరణకు గురైంది. ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2023లో లోకేశ్ కనగరాజ్ తీసిన ‘లియో’లో త్రిషకు మళ్లీ ఆమెతో డబ్బింగ్ చెప్పించడం తమిళనాట వార్త అయిందంటే, మధ్యలో ఎంత ఖాళీ ఉందో అర్థం చేసుకోవచ్చు. తెలుగులో ఈ తలుపులు మూసుకోలేదు. 2019లోనే ‘మజిలీ’, ‘ఓ బేబీ’ సినిమాల్లో సమంతకు ఆమె గొంతు వినిపించింది. ఒకే మనిషి, ఒకే ఆరోపణ, పక్కపక్క రెండు పరిశ్రమలు. తేడా ఎక్కడుందంటే, ఆరోపణకు గురైన పెద్దల పట్టు ఏ పరిశ్రమలో ఉందో అక్కడే పని ఆగింది. అటువైపు వైరముత్తుకు పాటలు రాసే అవకాశాలు ఆగలేదు. 2021లో కేరళలోని ఓఎన్వీ సాహిత్య పురస్కారం ఆయనకు ప్రకటించినప్పుడు మాత్రం నటి పార్వతి తిరువోతు, చిన్మయి తదితరులు అభ్యంతరం చెప్పడంతో నిర్ణయాన్ని పునఃపరిశీలిస్తామని సంస్థ అన్నది. ఆయనే పురస్కారం వద్దన్నారు.

చిన్మయి మీద వచ్చిన ప్రతి విమర్శనూ ఎదురుదాడి కింద జమకట్టడం న్యాయం కాదు. 2018 అక్టోబరులో పేరు చెప్పుకోలేని ఎందరో మహిళలు పంపిన కథనాలను ఆమె తన ట్విటర్ ఖాతాలో పెట్టారు. ఎవరు ఆరోపించారో తెలియని మాటకు నిందితుడు జవాబెలా చెప్పుకుంటాడు, అబద్ధమైతే పోయిన పరువు ఎవరు తిరిగిస్తారు అన్న ప్రశ్న సరైనదే. ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఆరోపణ గురించి మాట్లాడుతున్నారు. ఎదురుదాడి చేసేవాళ్లు మనిషి గురించి మాట్లాడతారు. ఆమె బట్టలు, కులం, మొగుడు, పాత ఫొటోలు. గీత ఇక్కడ గీయాలి.

హైదరాబాద్‌లో కథ ఇంకోలా నడిచింది. 2018 ఏప్రిల్ 7న నటి శ్రీరెడ్డి ఫిల్మ్ ఛాంబర్ ఎదుట అర్ధనగ్నంగా బైఠాయించారు. చిన్మయిలా ఆమెకు అప్పటికే పేరు లేదు. ఆ నిరసనతోనే పేరొచ్చింది. అవకాశాల ఆశ చూపి వాడుకుంటున్నారని, తెలుగమ్మాయిలకు వేషాలివ్వడం లేదని, మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ (‘మా’) తనకు సభ్యత్వ కార్డు ఇవ్వడం లేదని ఆమె ఆరోపణలు. ‘మా’ విలేకరుల సమావేశం పెట్టి, తమ సభ్యులెవరూ ఆమెతో నటించబోరని ప్రకటించింది. చెన్నైలో చందా రసీదు చాటున జరిగింది ఇక్కడ మైకు ముందే జరిగింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంత తానుగా కేసు చేపట్టి, ఇది జీవనోపాధి హక్కుకు సంబంధించిన విషయమంటూ రాష్ట్ర ప్రభుత్వానికి, కేంద్ర సమాచార ప్రసార శాఖకు నోటీసులిచ్చింది. రోజుల వ్యవధిలోనే ‘మా’ నిషేధం ఎత్తేసింది.

ఆ కొద్ది రోజుల్లో జూనియర్ ఆర్టిస్టులు, మహిళా సంఘాలు ముందుకొచ్చి, ‘కో-ఆర్డినేటర్ల’ పేరుతో నడిచే దళారీ వ్యవస్థ గురించి మాట్లాడారు. పెద్ద పేర్ల మోజులో టీవీ ఛానళ్లు ఆ సంగతిని పక్కన పెట్టేశాయి. తరవాత శ్రీరెడ్డి పవన్ కల్యాణ్ తల్లిని దూషించడంతో గాలి పూర్తిగా తిరిగింది. ఆ దూషణను సమర్థించేవాళ్లు ఎవరూ లేరు. అయితే ఆమె నోటి దురుసుతోపాటు, ఆమె చెప్పనివీ, ఇతరులు చెప్పినవీ అయిన ఫిర్యాదులు కూడా కొట్టుకుపోయాయి. ఫిర్యాదు చేసే స్త్రీ మచ్చలేనిదై, మితభాషి అయి, కన్నీళ్లతో ఉండాలన్నది సమాజం పెట్టుకున్న కొలత. వేధింపులకు గురైనవాళ్లలో మంచివాళ్లూ ఉంటారు, నోటిదూలవాళ్లూ ఉంటారు. నేరానికి ఆ తేడాతో పనిలేదు.

కేరళలో మాట్లాడినవాళ్లు ఒంటరిగా మాట్లాడలేదు. 2017 ఫిబ్రవరిలో కొచ్చి వెళ్లే దారిలో ఒక నటిని కారులో అపహరించి అత్యాచారానికి పాల్పడ్డారు. ఆ కుట్ర వెనక ఉన్నాడన్న ఆరోపణపై జులైలో నటుడు దిలీప్‌ను అరెస్టు చేశారు. (2025 డిసెంబరులో ఎర్నాకుళం కోర్టు ఆరుగురిని దోషులుగా తేల్చి, దిలీప్‌ను నిర్దోషిగా విడుదల చేసింది.) 2017లోనే మలయాళ నటీమణులు, సాంకేతిక నిపుణులు కలిసి ‘విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్’ను ఏర్పాటు చేసుకున్నారు. 2018 జూన్‌లో కళాకారుల సంఘం ‘అమ్మ’ దిలీప్‌ను తిరిగి చేర్చుకోవాలని నిర్ణయించినప్పుడు బాధిత నటి, రీమా కల్లింగల్, గీతూ మోహన్‌దాస్, రమ్యా నంబీశన్ ఒకేసారి రాజీనామా చేశారు. నలుగురూ కలిసి బయటికి రావడంతో ఏ ఒక్కరినో ‘పబ్లిసిటీ పిచ్చి’ అని కొట్టిపారేయడం కుదరలేదు.

అయినా ఎదురుదాడికి ఒకరు దొరికారు. 2017 డిసెంబరులో తిరువనంతపురం చలనచిత్రోత్సవ వేదిక మీద మమ్ముట్టి నటించిన ‘కసబ’ (2016)లో స్త్రీని కించపరిచే సన్నివేశాన్ని నటి పార్వతి తిరువోతు ప్రస్తావించారు. అది ఎవరి మీదా ఆరోపణ కాదు, ఒక సినిమా మీద విమర్శ మాత్రమే. అభిమానులు నెలల తరబడి ఆమెను వెంటాడారు. అత్యాచార బెదిరింపులు వచ్చాయి, పోలీసు ఫిర్యాదు మీద అరెస్టు జరిగింది. ఆమె తదుపరి చిత్రం ‘మై స్టోరీ’ పాటలు, టీజర్లు యూట్యూబ్‌లో కనబడగానే డిస్‌లైకులతో ముంచెత్తారు. నిర్మాత పెట్టిన డబ్బు నష్టపోయేట్టు చేస్తే, ఇంకో నిర్మాత ఆమెను తీసుకోవడానికి వెనకాడతాడన్నది ఇందులో లెక్క. నిర్మాతల సంఘాలు చేయాల్సిన పని అభిమాన సంఘాలే చేసిపెట్టాయన్నమాట.

సంఘాలు, అభిమానుల తరవాత మూడో ఆయుధం చట్టం. కన్నడ నటి శ్రుతి హరిహరన్ 2018 అక్టోబరులో నటుడు అర్జున్ సర్జా మీద ఆరోపణ చేశారు. ఆయన ఖండించి 5 కోట్ల రూపాయల పరువు నష్టం దావా వేశారు. ఫిల్మ్ ఛాంబర్ పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేయబోయారు. వేధింపుల ఫిర్యాదును ఆస్తి తగాదాలా పంచాయితీలో తేల్చేద్దామన్న ఆ ఆలోచనే చాలా చెబుతుంది. 2021లో పోలీసులు తగిన ఆధారాలు లేవంటూ కేసు ముగింపు నివేదిక ఇచ్చారు. ఆ ఏడాదే ఢిల్లీ కోర్టు మాత్రం వేరే మాట చెప్పింది. మాజీ కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ వేసిన క్రిమినల్ పరువు నష్టం కేసులో జర్నలిస్టు ప్రియా రమణిని 2021 ఫిబ్రవరి 17న నిర్దోషిగా ప్రకటిస్తూ, దశాబ్దాల తరవాతైనా తన బాధను తాను ఎంచుకున్న వేదిక మీద చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందన్నది. అక్బర్ ఆ తీర్పు మీద అప్పీలుకు వెళ్లారు. గెలిచేలోగా రెండేళ్లపాటు కోర్టు మెట్లెక్కుతూనే ఉండాల్సి వచ్చింది ప్రియా రమణికి.

పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నివారణ చట్టం 2013లో వచ్చింది. దాని కింద ఫిర్యాదు మూడు నెలల్లో చేయాలి. కారణం చూపితే ఇంకో మూడు నెలలు గడువు. కొత్తగా వేషం దొరికిన పందొమ్మిదేళ్ల పిల్ల, షూటింగ్ ముగియకముందే దర్శకుడి మీద ఫిర్యాదు చేస్తుందని ఆశించడం ఎంత అమాయకత్వమో పరిశ్రమలో ఎవరినడిగినా చెబుతారు. సినిమాకు స్థిరమైన ఆఫీసు ఉండదు, యజమాని సినిమాకొకరు. ఈ చిక్కు మీద విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్ వేసిన పిటిషన్‌లో 2022 మార్చిలో కేరళ హైకోర్టు, ప్రతి చిత్ర నిర్మాణ యూనిట్‌లోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలని తేల్చింది.

సినిమావాళ్ల మాట నమ్మలేమనేవారికి మల్లయోధుల ఉదంతం జవాబు. వినేశ్ ఫోగాట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా దేశానికి పతకాలు తెచ్చినవాళ్లు. రెజ్లింగ్ సమాఖ్య అప్పటి అధ్యక్షుడు బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మీద ఆరోపణలతో 2023 జనవరిలో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. ఆరోపణలు అబద్ధమని ఆయన అన్నారు. ఎఫ్‌ఐఆర్ కోసం ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. వీధికెక్కి దేశం పరువు తీస్తున్నారని ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు పి.టి. ఉష అన్నారు, ఆమె స్వయంగా క్రీడాకారిణి కావడం ఆ మాటను మరింత గట్టిగా తగిలేలా చేసింది. మే 28న పోలీసులు లాక్కెళ్లిన వ్యానులో వినేశ్, సంగీత ఫోగాట్ నవ్వుతున్నట్టు మార్ఫింగ్ చేసిన ఫొటో గంటల్లో ఊరూరా తిరిగింది. అసలు ఫొటోలో నవ్వులు లేవని తేలినా, మొదటిది చూసినవాళ్లలో ఎందరు రెండోది చూశారు? డిసెంబరులో బ్రిజ్ భూషణ్ సన్నిహితుడే సమాఖ్య ఎన్నికల్లో గెలవడంతో సాక్షి మలిక్ కుస్తీ వదిలేస్తున్నానని కన్నీళ్లతో ప్రకటించారు.

జనం ఎందుకిలా తిరగబడతారన్నదానికి మనస్తత్వ శాస్త్రంలో రెండు వివరణలు బాగా వినబడతాయి. లోకం న్యాయంగా నడుస్తుందన్న నమ్మకం మనిషికి కావాలి, అందుకే చెడు జరిగినవారిలోనే ఏదో తప్పు వెతుకుతాడని మెల్విన్ లెర్నర్ చెప్పారు. నిందితుడు ఆరోపణను కాదనడం, చెప్పినవారి మీద దాడి చేయడం, చివరికి తానే బాధితుడినని నిలబడటం ఒక వరుసలో సాగుతాయని జెన్నిఫర్ ఫ్రెయిడ్ 1990లలో వర్ణించారు. మన దగ్గర వీటికి అభిమానం తోడవుతుంది. కటౌట్‌కు పాలాభిషేకం చేసినవాడికి హీరో మీది ఆరోపణ తన ఇంటి మీది ఆరోపణే.

ఈ దాడి గురి మాట్లాడిన స్త్రీ ఒక్కతే కాదు. ఆమెకేం జరుగుతుందో చూస్తూ కూర్చున్న వందమంది కూడా. జస్టిస్ హేమ కమిటీ ఉదంతం అందుకు సాక్ష్యం. మలయాళ సినిమారంగంలో మహిళల పరిస్థితి మీద 2017లో కేరళ ప్రభుత్వం వేసిన ఆ కమిటీ సభ్యుల్లో తెనాలి ఆడపడుచు, నటి శారద ఒకరు. 2019 డిసెంబరు 31న ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టు 19 దాకా బయటికి రాలేదు, వచ్చినా కొన్ని పేజీలు, పేర్లు తీసేసి వచ్చింది. ఎనిమిది రోజుల్లో ‘అమ్మ’ కార్యవర్గం అధ్యక్షుడు మోహన్‌లాల్‌తో సహా రాజీనామా చేసింది. అదే నెలాఖరున సమంత, తెలుగు సినీ పరిశ్రమలో వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వానికి ఉపసంఘం ఇచ్చిన నివేదికనూ ప్రచురించాలని కోరారు. 2019లో మొదలైన ఆ కసరత్తు నివేదిక అప్పటికింకా ఫైళ్లలోనే ఉంది. కేరళలో హేమ కమిటీ ముందు ఇచ్చిన వాంగ్మూలాల ఆధారంగా ప్రత్యేక దర్యాప్తు బృందం 30కి పైగా కేసులు నమోదు చేసింది. మూసిన గదిలో కమిటీకి చెప్పిన మాటను పోలీసుల ముందు, పేరుతో చెప్పడానికి బాధితులు ముందుకు రాకపోవడంతో 2025లో ఆ కేసులను ముగించారు.